పక్షవాతం: మెదడుకు రక్తం తగ్గితే లోపల జరిగేదేమిటి, నిజంగా పని చేసే వైద్యమేది

చెయ్యి పడిపోతే చేతికి నూనె రాస్తారు. మూతి వంకరపోతే చెంపకు పసరు పట్టిస్తారు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళలో పావురం రక్తంతో కాళ్ళూ చేతులూ మర్దన చేయించుకున్నవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్ళను వెక్కిరించి లాభం లేదు. కంటికి కనిపించే జబ్బు చేతిలో ఉంది కాబట్టి మందు కూడా చేతికే వెళ్తుంది. అసలు దెబ్బ తగిలింది పుర్రె లోపల, చాలాసార్లు పడిపోయిన చేతికి ఎదురు పక్కన. అక్కడ గంట గంటకూ ఏం జరుగుతుందో తెలుసుకుంటే, ఏ చికిత్స ఎందుకు పని చేస్తుందో, ఏది డబ్బు దండగో, మొదటి గంటలో మెదడును కాపాడే ఇంజెక్షన్ మర్నాడు ఇస్తే ఎందుకు ప్రాణం తీయగలదో అర్థమవుతుంది.

అన్నిటికంటే ముందు తెలియాల్సిన సంగతి ఒకటుంది. చచ్చిపోయిన మెదడు కణాన్ని మళ్ళీ బతికించే మందు ఇవాళ ఎక్కడా లేదు. హన్మకొండలో లేదు, హైదరాబాద్‌లో లేదు, అమెరికాలోనూ లేదు. చావబోతున్న కణాన్ని కాపాడే మార్గం మాత్రం ఉంది: దానికి సమయానికి రక్తం అందించడం. పక్షవాతం తెచ్చే ఈ మెదడు దెబ్బనే స్ట్రోక్ అంటారు. దాని వైద్యంలో తొలి గంటల్లో గట్టిగా రుజువైన పనులన్నీ ఆ రక్తం చుట్టూనే తిరుగుతాయి. రక్తంతో పని లేకుండా మెదడును కాపాడతామన్న మందుల కథ ఎలా ముగిసిందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన మందుల చీటీల్లో అవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

నిల్వ లేని అవయవం

మెదడు బరువు సుమారు 1.4 కిలోలు, ఒంటి బరువులో వందకు రెండు వంతులు. మనం పీల్చే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు ఐదో వంతు అదే వాడుకుంటుంది. కండరంలో, కాలేయంలో ఉన్నట్టు మెదడులో చెప్పుకోదగ్గ ఇంధనం నిల్వ ఉండదు. ఏ క్షణానికి కావలసింది ఆ క్షణానికి రక్తంలో రావాల్సిందే. గుండె ఒక్కసారిగా ఆగితే పది సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు. నాలుగైదు నిమిషాలు దాటితే కొన్ని కణాలు ఇక కోలుకోలేవు.

మామూలు రోజున ప్రతి 100 గ్రాముల మెదడుకు నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 40కి, 35కి తగ్గినా మెదడు సర్దుకుంటుంది. రక్తనాళాలను వెడల్పు చేసుకుంటుంది, వచ్చిన రక్తం నుంచే ఎక్కువ ఆక్సిజన్ లాక్కుంటుంది. సుమారు 20కి పడిపోయినప్పుడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఆపేస్తాయి. అంటే చెయ్యి కదలదు, మాట రాదు. ఇంకా తగ్గి 10 దగ్గరికి వస్తే కణం తన గోడను కూడా నిలబెట్టుకోలేదు, నిమిషాల్లో చస్తుంది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే స్ట్రోక్ వైద్యమంతా ఉంది. ఎండాకాలం బావి దగ్గర వోల్టేజి పడిపోవడం చూసిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. మోటారు తిరగదు, గుయ్‌మని మూలుగుతూ ఉంటుంది. పక్కనే గుడ్డిగా బల్బు వెలుగుతూనే ఉంటుంది. కరెంటు పోలేదు, మోటారు కాలిపోలేదు. వోల్టేజి పెరిగితే మళ్ళీ తిరుగుతుంది. అలాగే వదిలేస్తే మాత్రం వైండింగు కాలిపోతుంది, తర్వాత ఎంత వోల్టేజి వచ్చినా లాభం ఉండదు.

1970లలో లండన్‌లో బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ స్థితినే కొలిచారు. పని ఆపేసి ఇంకా బతికే ఉన్న ఆ ప్రాంతానికి పెనంబ్రా అని పేరు పెట్టారు. ఒక పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు, దాని మీదే పూర్తిగా ఆధారపడ్డ నడిమి భాగం త్వరగా చస్తుంది. దాని చుట్టూ పక్క నాళాల నుంచి కొద్దికొద్దిగా రక్తం అందుకునే భాగం గంటల తరబడి కొట్టుమిట్టాడుతుంది. ఎంతసేపు అన్నది ఆ పక్క దారులు ఎంత బాగున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒకే రకం స్ట్రోక్ ఒకరికి రెండు గంటల్లో అంతా ముగిసిపోతే, ఇంకొకరికి పన్నెండు గంటల తర్వాత కూడా కాపాడుకోవలసింది మిగిలి ఉంటుంది.

బయటినుంచి చూసేవాళ్ళకు ఈ రెండు భాగాలకూ తేడా తెలియదు. చెయ్యి కదలకపోవడానికి కారణం కణాలు చచ్చిపోవడం కావచ్చు, చావకుండా మూగబోవడమూ కావచ్చు. "చెయ్యి మొత్తం పడిపోయింది, ఇంక ఏం చేస్తం" అని మొదటి గంటలోనే ఆశ వదులుకోవడం అందుకే పొరపాటు. ఆ గంటలో పడిపోయిన దాంట్లో చాలా భాగం ఇంకా బతికే ఉండవచ్చు.

కణం ఎలా చస్తుంది

మెదడు ఖర్చు చేసే శక్తిలో సగానికి పైగా ఒకే పనికి పోతుంది: లోపలికి వచ్చిన సోడియంను బయటికి తోడడం, బయటికి పోయిన పొటాషియంను లోపలికి లాగడం. ఈ తోడే పని ఆగితే కణం లోపలికీ బయటికీ ఉండాల్సిన విద్యుత్ తేడా చెదిరిపోతుంది. సోడియం లోపలికి దూరుతుంది, దాని వెంట నీళ్ళు దూరుతాయి, కణం ఉబ్బుతుంది.

అంతటితో ఆగితే నష్టం కొంతే. చెదిరిన కణం తన దగ్గరున్న గ్లూటమేట్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది. మామూలుగా ఇది ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనం, చదువూ జ్ఞాపకమూ దీని మీదే నడుస్తాయి. మోతాదు మించితే ఇదే విషం. పక్క కణం మీద గ్లూటమేట్ వచ్చి పడగానే అక్కడ తలుపులు తెరుచుకుని కాల్షియం వరదలా లోపలికి వెళ్తుంది. కాల్షియం కణంలోని రకరకాల ఎంజైములను లేపుతుంది. కొన్ని ప్రోటీన్లను కోస్తాయి, కొన్ని కొవ్వు పొరలను కరిగిస్తాయి. శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా దెబ్బతిని, శక్తికి బదులు కణాన్ని పాడుచేసే ఫ్రీ రాడికల్స్‌ను వెదజల్లుతుంది. చచ్చే కణం పక్క కణాన్ని కూడా లాగుతుంది. ఇలా నడిమి భాగం గంటగంటకూ పెరుగుతూ చుట్టూ ఉన్న పెనంబ్రాను మింగుతుంది.

పెద్ద నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో సగటున నిమిషానికి 19 లక్షల నరాల కణాలు చస్తాయని 2006లో ఒక లెక్క వేశారు. మెదడులో మొత్తం 8,600 కోట్ల దాకా కణాలున్నాయి కదా అనుకోవచ్చు. కానీ "పొద్దున్నే ఎక్కడికి పోతాం, తెల్లారనీ" అని రెండు గంటలు ఆగితే దాదాపు 23 కోట్ల కణాలు పోతాయి. అవి మాటకు, నడకకు, మింగడానికి సంబంధించినవే అయితే ఆ లోటు బతికినంత కాలం ఉంటుంది.

ఇది మొదటి రోజు కథ. తర్వాతి రోజుల్లో ఇంకో రకం నష్టం మొదలవుతుంది. చచ్చిన భాగాన్ని శుభ్రం చేయడానికి తెల్లకణాలు చేరతాయి, వాపు వస్తుంది. రక్తనాళాల గోడలు కారడంతో మెదడులో నీరు చేరుతుంది. పెద్ద స్ట్రోక్‌లో ఈ వాపు రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య బాగా పెరుగుతుంది. "మొన్న మాట్లాడిండు, నిన్న అన్నం తిన్నడు, ఇవాళ కళ్ళు తెరుస్తలేడు, దవాఖానలోనే ఏదో చేసిన్రు" అనే గొడవలు వార్డుల బయట వినిపించేది ఈ రోజుల్లోనే. నిజంగా తప్పు జరిగిన సందర్భాలు ఉండవని అనను. అయితే ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా మూడో రోజున మనిషి మత్తులోకి జారడం ఈ జబ్బు స్వభావంలోనే ఉంది, ఆ సంగతి మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పని వైద్యులది మాత్రం లోపమే.

రక్తం దారి తెరవడం

రక్తపు గడ్డ అడ్డుపడి మెదడులో నాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోక్ ఒక రకం, నాళం పగిలి రక్తం కారే స్ట్రోక్ ఇంకో రకం. మొదటిదే ఎక్కువ. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం పూర్తిగా ఎదురు. గడ్డను కరిగించే మందు పగిలిన నాళం ఉన్నవాళ్ళకు ఇస్తే చంపినట్టే. అందుకే మొదట సీటీ స్కాన్ తప్పదు.

ఇక్కడ కుటుంబాలకు ఒక గందరగోళం ఎదురవుతుంది. నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో తొలి గంటల సీటీ చాలాసార్లు నార్మల్‌గానే కనిపిస్తుంది. "స్కాన్‌ల ఏం లేదన్నరు, మల్ల గంత ఖరీదు ఇంజెక్షన్ ఎందుకు?" అని సంతకం పెట్టకుండా ఇంటికి, మామకు, బావకు ఫోన్లు చేస్తూ అరగంట గడిపేస్తారు. ఆ సీటీ తీసింది రక్తం కారలేదని తేల్చుకోవడానికి. అందులో ఏమీ కనిపించకపోవడమే మంచి వార్త, ఇంజెక్షన్‌కు దారి తెరిచి ఉందని అర్థం.

ఆ ఇంజెక్షన్ పేరు ఆల్టెప్లేజ్. 1995లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో, మూడు గంటల లోపు దీన్ని తీసుకున్నవాళ్ళలో మూడు నెలల తర్వాత దాదాపు ఎవరి సాయం లేకుండా బతకగలిగినవాళ్ళు వందకు 11 నుంచి 13 మంది ఎక్కువ. 2008లో మరో ప్రయోగం గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. దీనికే తమ్ముడి వరుస టెనెక్టెప్లేజ్. ఆల్టెప్లేజ్‌ను గంట సేపు సన్నగా ఎక్కించాలి, దీన్ని ఒక్కసారే ఇచ్చేయవచ్చు. ఖర్చు కూడా తక్కువ కావడంతో మన దేశంలో కొన్నేళ్ళుగా చాలా చోట్ల దీన్నే వాడుతున్నారు.

నాలుగున్నర గంటల గీత ఎవరో ఆఫీసులో కూర్చుని గీసింది కాదు. సమయం గడిచేకొద్దీ చచ్చిన భాగంలోని నాళాల గోడలు కూడా కుళ్ళుతాయి. అప్పుడు గడ్డ కరిగి రక్తం వేగంగా వచ్చి పడితే ఆ గోడలు తెగి మెదడులోకి రక్తం కారుతుంది. 1995 ప్రయోగంలోనే ఇంజెక్షన్ తీసుకున్న వంద మందిలో ఆరుగురికి ఇలా జరిగింది. డాక్టరు సంతకం అడిగేది ఈ ఆరుగురి గురించే. ఆలస్యమయ్యేకొద్దీ లాభం తగ్గుతుంది, ఈ ప్రమాదం మాత్రం తగ్గదు.

గడువు ఎప్పటినుంచి లెక్క అన్న ప్రశ్న కూడా ముఖ్యం. చెయ్యి పడిపోవడం చూసిన సమయం లెక్కలోకి రాదు, మనిషి చివరిసారి బాగా ఉన్నట్టు ఎవరైనా చూసిన సమయమే లెక్క. రాత్రి పదింటికి పడుకుని పొద్దున ఆరింటికి లేవలేకపోతే పాత లెక్క ప్రకారం ఎనిమిది గంటలు గడిచినట్టే. ఎంఆర్ఐలో దెబ్బ ఎంత కొత్తదో చూసి ఇలాంటివాళ్ళలో కొందరికి ఇంజెక్షన్ ఇవ్వవచ్చని 2018లో తేలింది.

గడ్డ చిన్నదైతే మందుకు కరుగుతుంది. మెడలోనో మెదడు మొదట్లోనో పెద్ద నాళాన్ని మూసేసిన పొడవాటి గడ్డ తరచుగా కరగదు. అలాంటప్పుడు తొడలోని నాళం గుండా సన్నని గొట్టం మెదడు దాకా పంపి, గడ్డను స్టెంట్‌తో పట్టి లాగడమో పీల్చేయడమో చేస్తారు. థ్రాంబెక్టమీ అనే ఈ పద్ధతి 2015లో వరసగా వచ్చిన ఐదు ప్రయోగాలతో నిలదొక్కుకుంది. వాటి లెక్కలు కలిపితే చికిత్స పొందిన ప్రతి ఇద్దరు ముగ్గురిలో ఒకరికి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గింది. వైద్యంలో ఇంత పెద్ద లాభం అరుదు. 2018లో, స్కాన్‌లో పెనంబ్రా మిగిలి ఉందని కనిపించినవాళ్ళకు 24 గంటల వరకు కూడా దీన్ని చేయవచ్చని మరో రెండు ప్రయోగాలు చూపాయి. గడియారం కంటే మెదడులో ఏం మిగిలిందన్నదే ముఖ్యమన్న ఆలోచన అలా స్థిరపడింది. అయితే ఇది 'ఇరవై నాలుగు గంటలు టైముంది' అని నింపాదిగా కూర్చోవడానికి చెప్పింది కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళలో పెనంబ్రా మిగిలేది కొందరికే.

ఎక్కడికి పరుగెత్తాలి

ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు. అక్కడినుంచి హైదరాబాద్ ఇంకో నూట యాభై. ఈ దూరాలకు నాలుగున్నర గంటలు చాలా చిన్న గడువు. మామూలుగా జరిగేదేమిటంటే మొదట ఊళ్ళో ఆర్ఎంపీ, తర్వాత మండలంలో ఒక క్లినిక్, అక్కడినుంచి హన్మకొండలో తెలిసిన నర్సింగ్ హోమ్, చివరికి "హైదరాబాద్ తీస్కపోండి" అనే మాట. ఒక్కో మెట్టు దగ్గర ముప్పావు గంట. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, మనిషి మాత్రం గడువు దాటి చేరతాడు.

108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉండి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే దగ్గరి ఆసుపత్రికి నేరుగా వెళ్ళడం ఒక్కటే సరైన దారి. వరంగల్ ఎంజీఎం అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా దారిలో ఉండగానే ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: సీటీ ఇప్పుడు నడుస్తోందా, స్ట్రోక్ ఇంజెక్షన్ ఇప్పుడు ఇస్తారా? పెద్ద గడ్డను తీయడానికి హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చినా, అర్హులైనవాళ్ళు ఇంజెక్షన్ ఇక్కడ వేయించుకునే బయలుదేరాలి. ఆ రెండున్నర, మూడు గంటల ప్రయాణంలో మందు తన పని తాను చేస్తుంటుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పది లక్షలు. ఏ చికిత్సకు, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో చేరిన వెంటనే ఆరోగ్యమిత్రను అడగాలి, డిశ్చార్జి రోజున అడిగితే ఉపయోగం తక్కువ.

దారిలో చేసే కొన్ని పనులు పెనంబ్రాను చంపుతాయి. బీపీ 190 ఉందని నాలుక కింద మాత్ర పెట్టి దించేయడం అందులో మొదటిది. నాళం మూసుకుపోయినప్పుడు పక్క దారుల గుండా కాస్త రక్తమైనా నెట్టడానికే ఒళ్ళు బీపీని పెంచుకుంటుంది. దాన్ని ఒక్కసారిగా కూలిస్తే, కొట్టుమిట్టాడుతున్న కణాలకు ఆ కాస్తా అందదు. నాలుక కింద నిఫెడిపిన్ వద్దని నిపుణులు 1990ల నుంచీ చెబుతున్నారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే బీపీని 185/110 కంటే కిందికి తెస్తారు. ఇవ్వకపోతే 220/120 దాటేదాకా సాధారణంగా ముట్టుకోరు. ఏది చేసినా ఆసుపత్రిలో, కొలుస్తూ, మెల్లగా చేసే పని అది.

రెండోది గ్లూకోజు సీసా. నీరసానికీ, జ్వరానికీ, అన్నిటికీ సీసా ఎక్కించుకోవడం మనకు అలవాటు. ఆక్సిజన్ లేనప్పుడు గ్లూకోజు ఎక్కువైతే కణంలో ఆమ్లం పేరుకుని నష్టం ఇంకా పెరుగుతుంది. షుగర్ మిషన్‌తో చూసి నిజంగానే తక్కువుంటే వెంటనే గ్లూకోజు ఇవ్వాలి, ఎందుకంటే షుగర్ పడిపోవడం కూడా అచ్చం పక్షవాతంలా కనిపించగలదు. చూడకుండా మాత్రం ఎక్కించకూడదు. మంచినీళ్ళు, చాయ్, జావ నోట్లో పోయడమూ వద్దు. మింగే శక్తి పోయినవాళ్ళకు అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది, స్ట్రోక్‌తో బతికి న్యుమోనియాతో పోయినవాళ్ళు ఎంతోమంది. యాస్పిరిన్ మంచి మందే, 40 వేల మంది మీద జరిగి 1997లో వెలువడ్డ రెండు పెద్ద ప్రయోగాలు దాని మేలును చూపాయి. ఆ మేలు సీటీలో రక్తం కారలేదని తేలిన తర్వాతే. ఇంట్లో వేస్తే పగిలిన నాళం మీద వేసినట్టవుతుందేమో ఎవరికి తెలుసు?

లక్షణాల జాబితా అందరికీ తెలిసిందే: మూతి వంకర, చెయ్యి జారడం, మాట తడబాటు. దీనికి ఇంకో రెండు చేర్చాలి, ఉన్నట్టుండి తూలడం, ఉన్నట్టుండి చూపు పోవడం. మెదడు వెనక భాగానికి రక్తం ఆగితే చెయ్యీ కాలూ బాగానే ఉండి, తల తిరుగుడు, వాంతులు, నడవలేకపోవడం మాత్రమే ఉండవచ్చు. మే నెలలో రామగుండంలోనో కొత్తగూడెంలోనో దీన్ని వడదెబ్బ అనుకుని మజ్జిగ పట్టిస్తూ కూర్చోవడం చాలా తేలిక.

పది నిమిషాలు మూతి వంకరపోయి దానంతటదే సర్దుకుంటే? అది అదృష్టం అనుకుని పొలానికి వెళ్ళిపోతారు. అలా వచ్చి పోయిన స్ట్రోక్ తర్వాత తొంభై రోజుల్లో పదిమందిలో ఒకరికి అసలు స్ట్రోక్ వచ్చిందని, అందులో సగం మొదటి రెండు రోజుల్లోనే అని 2000లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్తే రక్తం పలచబరిచే రెండు మందులు మూడు వారాల పాటు కలిపి ఇచ్చి ఈ ప్రమాదాన్ని బాగా తగ్గించవచ్చు.

వాపు ముంచుకొస్తే పుర్రె ఎముకలో పెద్ద ముక్క తీసి మెదడుకు చోటిచ్చే ఆపరేషన్ ఉంది. అరవై లోపు వయసువాళ్ళకు 48 గంటల లోపు చేస్తే బతికేవాళ్ళు వందకు 29 నుంచి 78కి పెరిగారని 2007లో మూడు ప్రయోగాలు కలిపి చూపించారు. బతికినవాళ్ళలో చాలామందికి వైకల్యం మిగులుతుంది. ఇది కుటుంబం ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన నిర్ణయం.

రక్తం లేకుండా కాపాడతామన్న మందులు

గ్లూటమేట్, కాల్షియం, ఫ్రీ రాడికల్స్ కథ తెలిశాక ఎవరికైనా తోచే ఆలోచన ఒకటే: ఆ వరుసలో ఒకదాన్ని ఆపేస్తే సరిపోదా? శాస్త్రవేత్తలకూ అదే తోచింది. 2006లో లెక్కపెడితే అప్పటికే ఇలాంటి 1,026 చికిత్సలు ప్రయోగశాలలోనో రోగుల మీదో పరీక్షించి ఉన్నారు. ఎలుకల్లో వందల మందులు అద్భుతంగా పని చేశాయి. మనుషుల్లో దాదాపు అన్నీ విఫలమయ్యాయి. ఎన్ఎక్స్‌వై-059 అనే మందు 2006లో మొదటి ప్రయోగంలో గెలిచినట్టు కనిపించి, 2007లో ఇంకా పెద్ద ప్రయోగంలో ఓడిపోయింది. ఎలుకకు గడ్డ పెట్టిన పది నిమిషాలకే మందు ఇస్తారు. మనిషికి మందు అందేసరికి గంటలు గడుస్తాయి. పైగా రక్తమే చేరని చోటికి రక్తంలో కలిసే మందు ఎలా చేరుతుంది?

మన దగ్గర ఇప్పటికీ ధారాళంగా రాసే సిటికోలిన్ సంగతి కూడా ఇదే. 2,298 మంది రోగులతో యూరప్‌లో జరిగి 2012లో వెలువడిన ప్రయోగంలో దానికీ ఉత్తుత్తి మందుకూ తేడా కనిపించలేదు. హాని చేయదు, అది నిజం. నెలనెలా దాని మీద పెట్టే డబ్బు ఫిజియోథెరపీకి పెడితే ఎక్కువ లాభమని నా అభిప్రాయం. స్టెమ్ సెల్స్ మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు కూడా మన దేశంలోనే 120 మంది మీద జరిగి 2014లో వెలువడిన ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎముక మూలుగ నుంచి తీసిన కణాలను నరంలోకి ఎక్కించారు. ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు. 'గ్యారంటీ' అంటూ లక్షలు అడిగే సెంటర్ల దగ్గర ఈ మాట వినిపించదు.

మరి వీటిని వాడి బాగుపడినవాళ్ళో? వాళ్ళు నిజంగానే బాగుపడ్డారు. పెనంబ్రాలో కొంత దానంతటదే బతుకుతుంది, వాపు తీస్తుంది, మిగిలిన మెదడు కొత్త దారులు వేసుకుంటుంది. తొలి మూడు నెలల్లో చాలామందిలో ఏ మందూ లేకుండానే ఎంతో కొంత కదలిక వస్తుంది. ఆ మూడు నెలల్లో పావురం రక్తం రాస్తే పేరు పావురానికి వస్తుంది, మాత్ర వేస్తే పేరు మాత్రకు వస్తుంది. ఈ భ్రమకు చదువుకున్నవాడూ చదువుకోనివాడూ ఇద్దరూ లొంగుతారు.

ఒక చోట మాత్రం మెదడును నేరుగా కాపాడే పద్ధతి గెలిచింది: పుట్టగానే ఏడవని, ఊపిరందని బిడ్డలను ఆరు గంటల లోపు మొదలుపెట్టి మూడు రోజుల పాటు 33-34 డిగ్రీలకు చల్లబరచడం. సంపన్న దేశాల్లో ఇది మామూలు వైద్యమైంది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది శిశువులతో ఇదే చేసి చూస్తే 2021లో వచ్చిన ఫలితం తలకిందులైంది. చల్లబరచిన బిడ్డల్లో వందకు 42 మంది, చల్లబరచనివాళ్ళలో 31 మంది చనిపోయారు. ఇక్కడి బిడ్డల్లో దెబ్బ కాన్పుకు చాలా ముందే మొదలై, చల్లబరిచే సమయానికి గడువు దాటిపోయి ఉంటుందని ఒక ప్రధాన అనుమానం. పరాయి దేశపు లెక్కను తెచ్చి ఇక్కడ అతికించే ముందు ఇక్కడే పరీక్షించి చూడడం ఎంత అవసరమో చూపిన ప్రయోగం ఇది.

వయసుకు ముందే వచ్చేవి

పక్షవాతం ముసలివాళ్ళ జబ్బన్న నమ్మకం ఇక్కడ ప్రమాదకరం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు కుటుంబాల్లో, ఏజెన్సీలోని కోయల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఈ జబ్బున్న పిల్లల్లో కొడవలిలా వంగిన ఎర్రకణాలు మెదడు నాళాలను దెబ్బతీసి బడికి వెళ్ళే వయసులోనే స్ట్రోక్ తెస్తాయి. తలపై డాప్లర్ పరీక్షతో (మెదడు నాళాల్లో రక్తం వేగాన్ని కొలిచే స్కాన్) ప్రమాదం ఉన్న పిల్లలను ముందే గుర్తించి క్రమంగా రక్తం ఎక్కిస్తే మొదటి స్ట్రోక్‌ను వందకు తొంభై వంతుల దాకా ఆపవచ్చని 1998లోనే తేలింది. హైడ్రాక్సీయూరియా మాత్రలు కూడా సాయపడతాయి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక రక్తపరీక్షలు పెరిగాయి. పరీక్షలో జబ్బు బయటపడిన బిడ్డకు డాప్లర్ కూడా చేయించమని అడగాలి.

చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైపోయిన ఆడవాళ్ళకు ముప్ఫై నలభై ఏళ్ళకే గుండెలో గడ్డ కట్టి మెదడుకు ఎగబాకుతుంది. వీళ్ళకు ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే పాత మందులే మంచివని, కొత్త ఖరీదైన మందు వీటికి సాటి రాదని 2022లో ఒక పెద్ద ప్రయోగం చూపించింది. రక్తపరీక్ష మాత్రం మానకూడదు. బాలింతల్లో మెదడు సిరల్లో గడ్డ కట్టి, రోజుల తరబడి తలనొప్పి, తర్వాత ఫిట్స్ రావచ్చు. బాలింతకు నీళ్ళు తక్కువ ఇచ్చే ఆచారం దీనికి తోడవుతుంది. దీనికి హెపారిన్ అనే మందు ఉంది, చాలామంది పూర్తిగా కోలుకుంటారు. అందుకే ఆ తలనొప్పిని గాలి సోకిందని కొట్టిపారేయొద్దు.

ఇంటికి వచ్చాక

మెదడు కొత్త దారులు వేసుకునేది వాడకం వల్ల. చెయ్యిని ఎంత వాడితే అంత వస్తుంది, మంచి చేత్తోనే అన్నీ చేసుకుంటూ పోతే చెడ్డ చెయ్యి ఇంకా మరిచిపోతుంది. అలాగని మొదటి రోజునే బలవంతంగా నడిపించడం మంచిది కాదని 2015లో ఒక ప్రయోగం హెచ్చరించింది. మొదట తక్కువసేపు, మెల్లగా, తర్వాత పెంచుతూ పోవాలి. ఇంటివాళ్ళకు నేర్పించి వ్యాయామం చేయిస్తే చాలా అన్నదాన్ని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో పరీక్షించారు. 2017లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది, మామూలు వైద్యం కంటే అదనపు లాభం రాలేదు. దీనర్థం ఇంటివాళ్ళ శ్రమ వృథా అని కాదు, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టుకు అది ప్రత్యామ్నాయం కాలేదని. మనిషిని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి, భుజం జారి నెలల తరబడి నొప్పి పెడుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. ఏడుస్తూ, ఎవరితో మాట్లాడకుండా ఉంటే అది మొండితనం అనుకోవద్దు, స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ చాలా మామూలు, దానికి వైద్యం ఉంది.

రెండో స్ట్రోక్ రాకుండా చూసే మందులే ఎక్కువమంది మధ్యలో ఆపేస్తారు. "బీపీ నార్మల్ అయింది కదా" అని మాత్ర మానేస్తారు, అది నార్మల్ అయింది మాత్ర వల్లే. పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మాత్రలు ఉచితం. బీడీ, గుట్కా, గుడుంబా సంగతి డాక్టర్లు చెప్పి చెప్పి అలసిపోయారు, నేను మళ్ళీ చెప్పను. ఉప్పు విషయంలో మాత్రం ఒక ఉపయోగకరమైన అంకె ఉంది. చైనాలో 600 ఊళ్ళలో దాదాపు 21 వేల మందిలో సగం ఊళ్ళవాళ్ళకు మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చి ఐదేళ్ళు చూశారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం స్ట్రోక్‌లు 14 శాతం తగ్గాయి. తక్కువ సోడియం ఉప్పు పేరుతో ఇలాంటిది ఇక్కడా దొరుకుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, పొటాషియం పెంచే మాత్రలు వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు.